పొద్దున లేచింది మొదలు పరుగే... అయినా ఏ పనీ తెమలడం లేదు

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 37 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. అలారం మోగిన దగ్గర్నుంచి రాత్రి మంచమెక్కేదాకా పరుగే. అయినా ఒక్క పనీ పూర్తయినట్టు అనిపించదు. రోజూ బయల్దేరే ముందు తాళంచెవులో, ఐడీ కార్డో, కళ్లజోడో వెతుక్కుంటాను. కరెంటు బిల్లు డబ్బుల్లేక కాదు, మర్చిపోయి రెండుసార్లు ఫైన్‌తో కట్టాను. బీమా ప్రీమియం గడువు ఎప్పుడో గుర్తులేదు. పెద్దవాడి బడిలో ఇచ్చిన ఫారం ఎక్కడ పెట్టానో తెలియదు. మూడు నెలలుగా పన్ను నొప్పి, డాక్టర్‌కి ఫోన్ చేయలేదు. ఒక స్నేహితురాలి మెసేజ్‌కి జవాబు లేటయిపోయి, ఇప్పుడివ్వడానికి మొహం చెల్లడం లేదు. పడగ్గదిలో ఒక కుర్చీ ఉంది, బట్టల గుట్ట తప్ప కుర్చీ కనబడదు. మావారు మంచివారే, 'ఏం చేయాలో చెప్పు, చేస్తాను' అంటారు. చెప్పే ఓపిక కూడా ఉండటం లేదు. అందరూ పడుకున్నాక ఫోన్ పట్టుకుంటే ఒంటిగంట అవుతుంది. జనవరిలో మంచి డైరీ కొని, అరగంటకో పని చొప్పున టైమ్‌టేబుల్ వేసుకున్నాను. 11 పేజీలు రాసి ఆపేశాను. నాది ఆరంభశూరత్వమని ఇంట్లో అందరికీ తెలుసు. నా జీవితం నా చేతిలో లేదనిపిస్తోంది. ఇది నా స్వభావమేనా? మారుతుందా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్ను పట్టుకుని, తెమలకుండా ఉన్న పనుల కింద గీత గీస్తూ చదివాను. బీమా గడువు, బడి ఫారం, పంటి డాక్టర్‌కి ఫోన్, స్నేహితురాలికి జవాబు, కుర్చీ మీది బట్టలు. ఇంత చిన్న ఉత్తరంలోనే ఐదున్నాయి. రాయనివి, ఆఫీసువి, పిల్లలవి ఇంకెన్ని ఉంటాయో నేను ఊహించగలను. వాటన్నిటినీ మీరు తలలోనే మోస్తున్నారు. పని చేయడం వల్ల వచ్చే అలసట వేరు, చేయాల్సినదాన్ని మర్చిపోకుండా పట్టుకుని తిరగడం వల్ల వచ్చే అలసట వేరు. మొదటిది నిద్రపోతే తీరుతుంది. రెండోది నిద్రలో కూడా వదలదు.

ఆరంభశూరత్వం అన్న మాట దయచేసి మీ మీద మీరే వేసుకోకండి. ఆ 11 పేజీల సంగతి తర్వాత చెబుతాను. ముందు మా చెల్లెలి సంగతి చెప్పనివ్వండి.

చాలా ఏళ్ల కిందట దానికి ఆపరేషన్ అయింది. డిశ్చార్జి రోజు మధ్యాహ్నం రెండింటికి నేను వెళ్లి ఇంటికి తీసుకురావాలి. ముందు రోజు రాత్రి అడిగింది, ఆ పొద్దున మళ్లీ ఫోన్ చేసి అడిగింది, "గుర్తుంది కదక్కా?" అని. "ఎందుకుండదే?" అన్నాను. ఆ రోజు ఆఫీసులో పని మీద పని వచ్చి పడింది. మూడున్నరకు ఫోన్ మోగింది. "అక్కా, బయల్దేరావా?" అంది. గొంతులో కోపం లేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి చెప్పులు వేసుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, మంచం చివర కూర్చుని ఉంది. దుప్పటి అప్పటికే తీసేశారు. వెనకాల ఉత్త పరుపు.

చెల్లెలంటే నాకు ప్రాణం. ప్రేమ తక్కువై మర్చిపోలేదు. నా జ్ఞాపకశక్తిని మరీ నమ్మి మర్చిపోయాను. మీ పిల్లాడి ఫారం విషయంలో మీరు పడుతున్న బాధ నాకు తెలుసని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మంచి తల్లులు ఫారాలు పోగొట్టుకుంటారు. మంచి అక్కలు డిశ్చార్జి టైమ్ మర్చిపోతారు.

మనసు పట్టి ఉంచగలిగింది నిజంగానే కొంచెం. ఒకే సమయంలో మనం మనసులో నిలిపి ఉంచగలిగేవి ఇంచుమించు నాలుగు విషయాలేనని నెల్సన్ కోవన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అప్పటిదాకా జరిగిన ఎన్నో ప్రయోగాలను పరిశీలించి 2001లో రాశారు. ఐదోది వచ్చిందంటే ముందున్న నాలుగింటిలో ఏదో ఒకటి జారిపోవాల్సిందే. ఇక మీ తల ఎన్నింటినని మోస్తుంది? పొద్దున తాళంచెవులు ఎక్కడ పెట్టారో గుర్తురాకపోవడం మతిమరుపు కిందికి రాదు. అవి పెట్టిన క్షణంలో మీ మనసు మరో నాలుగింటితో నిండి ఉంది, అంతే.

అందుకని మీ చేత మొదట చేయించాలనుకుంటున్నది తల ఖాళీ చేయడం. ఇల్లు సర్దడం, టైమ్‌టేబుల్ వేయడం, పొద్దున్నే లేవడం, ఇవేవీ ఇప్పుడు వద్దు. ఒక సెలవు రోజు నలభై నిమిషాలు మీకోసం తీసుకోండి. పిల్లల్ని మీవారికి అప్పగించండి. తలుపు వేసుకుని, చేయాల్సినవన్నీ ఒక్కో వరుసలో ఒక్కోటి రాయండి. చిన్నదీ పెద్దదీ అని చూడకండి, క్రమం చూడకండి. మొదటి పది నిమిషాలు చెయ్యి ఆగదు. తర్వాత ఇక ఏమీ లేవనిపిస్తుంది. అప్పుడు పుస్తకం పట్టుకుని లేచి, ఇంట్లో ఒక్కో గదిలో ఒక్కో నిమిషం నిలబడండి. స్నానాలగదిలో కారుతున్న కుళాయి, అలమరా పైన ఎవరికో తిరిగివ్వాల్సిన గిన్నె, గోడ మీద ఆగిపోయిన గడియారం, అన్నీ మిమ్మల్ని పలకరిస్తాయి. రోజూ వాటి పక్కనుంచి వెళుతూనే ఉన్నారు, వెళ్లిన ప్రతిసారీ అవి మనసును చిన్నగా గిల్లుతూనే ఉన్నాయి. వాటినీ రాయండి. చివర్లో హ్యాండ్‌బ్యాగ్ మంచం మీద బోర్లించండి. ఆ బడి ఫారం అందులోనే దొరికినా నేను ఆశ్చర్యపోను.

నేను మొదటిసారి ఇలా రాసినప్పుడు 73 వచ్చాయి. చూడగానే గుండె జారిపోయింది. కానీ ఓ ఐదు నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చుంటే ఒక తేడా తెలిసింది. అంతవరకు నాకు అంతు తెలియని భారం ఉండేది, ఇప్పుడు దానికొక అంకె ఉంది. అంకె ఉన్నదేదైనా తగ్గుతుంది.

ఇక అసలు పని. రాసినవాటిలో సగం పనుల్లా కనిపిస్తాయి కానీ పనులు కావు. ఉదాహరణకు మీరు 'బీమా' అని రాసి ఉంటారు. ఆ మాటతో ఏం చేయగలరు? దాన్ని చూసినప్పుడల్లా గుబులు తప్ప ఇంకేమీ రాదు. అది గుబులు పేరు. దాన్ని పనిగా మార్చండి: "శనివారం పొద్దున పదింటికి, బీరువాలో ఉన్న ఫైలు తీసి, పాలసీ కాగితం మీద గడువు తేదీ చూసి, ఫోన్‌లో అలారం పెట్టాలి." 'పన్ను' అని ఉందా? "రేపు మధ్యాహ్నం భోజనం అవగానే, లేచే లోపే క్లినిక్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగాలి." ఎప్పుడు, ఎక్కడ, చేత్తో ముట్టుకోవాల్సిన మొదటి వస్తువేది. ఈ మూడూ ఉంటేనే అది పని.

ఇందులో నాకు బాగా ధైర్యమిచ్చిన సంగతి ఒకటుంది. మాసికాంపో, బామీస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెమలని పనులు ఉన్నవాళ్లకు అవి వేరే పని మధ్యలో గుర్తొచ్చి అడ్డుపడటం గమనించారు. వాళ్లలో కొందరిచేత ఆ పని ఎప్పుడు, ఎలా చేస్తారో వివరంగా ప్లాన్ వేయించారు. పని ఇంకా చేయనే లేదు, ప్లాన్ మాత్రమే వేశారు. అయినా ఆ అడ్డు తగ్గిపోయింది. అంటే మనశ్శాంతి కోసం 73 పనులూ అయ్యేదాకా ఆగక్కర్లేదు. ప్రతిదానికీ ఒక చోటు, ఒక టైమ్ దొరికిందని నమ్మితే మనసు దాన్ని వదిలిపెడుతుంది. నమ్మితేనే సుమా. రాసిన పుస్తకాన్ని మళ్లీ తెరిచి చూడరని మీ మనసుకు తెలిస్తే, అది మళ్లీ తనే మోయడం మొదలుపెడుతుంది. పనులు రాసుకునే యాప్‌లు చాలామందికి పనిచేయకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. ఒకదాంట్లో కొన్ని, ఇంకోదాంట్లో కొన్ని, ఫ్రిజ్ మీద చీటీ ఒకటి, ఆఫీసు మెయిల్‌లో కొన్ని. దేన్నీ పూర్తిగా నమ్మలేం. ఒకటే పుస్తకం పెట్టుకోండి. ఫోనే వీలనుకుంటే ఫోనే, కానీ ఒకటే.

స్నేహితురాలి మెసేజ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇలాంటివి రోజురోజుకీ బరువెక్కుతాయి. మొదటి రోజు రెండు ముక్కలు రాస్తే సరిపోయేది, నెల తర్వాత రెండు పేజీల సంజాయిషీ ఇవ్వాలేమో అనిపిస్తుంది. గోరుతో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. సంజాయిషీ వద్దు. ఇది చదవడం అవగానే ఇలా పంపండి: "ఇన్నాళ్లూ జవాబివ్వలేదు, ఏమనుకోకు. పనుల్లో మునిగిపోయాను కానీ నువ్వు గుర్తొస్తూనే ఉన్నావు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేయనా?" ఆమె ఎలా ఉంటారో నాకు తెలియదు. కానీ ఇలాంటి మెసేజ్ అందుకున్నప్పుడు నాకెప్పుడూ కోపం రాలేదు. సంతోషమే వేసింది.

లిస్టులో కొట్టేయాల్సినవి కూడా ఉంటాయి. ఈ పని చాలామంది చేయరు. నా 73లో 'కుట్టుపని నేర్చుకోవాలి' అన్నది నాలుగేళ్లుగా నాతో ఉన్నది. నాకు కుట్టుపని మీద ఇష్టం లేదు. ఎప్పుడో ఎవరో నేర్చుకోమన్నారు, సరే అన్నాను. దాని మీద అడ్డంగా గీత గీసినప్పుడు ఒక అప్పు తీరిపోయినట్టనిపించింది. మీ లిస్టులోనూ అలాంటివి కనీసం పదైనా దొరుకుతాయి. ఇంకొకరి ఇష్టం కోసం ఒప్పుకున్నవి, ఇప్పుడు అవసరం తీరిపోయినవి. మాటిచ్చినవైతే ఫోన్ చేసి, "ఇది నావల్ల కాదు, వేరేవాళ్లను చూసుకోండి" అని చెప్పేయండి. నీళ్లు నమిలి నెలలు గడపడం కన్నా అదే వాళ్లకూ మేలు.

ఇప్పుడు టైమ్‌టేబుల్ దగ్గరికి వద్దాం. అరగంటకో పని అన్నారు. ఒక్క పనికి నలభై నిమిషాలు పట్టిందనుకోండి, ఇక ఆ రోజంతా మీరు టైమ్‌టేబుల్‌కి బాకీ. పది గంటలయ్యేసరికే ఓడిపోయినట్టుంటుంది. మూడు రోజులు వరసగా పొద్దున పదింటికే ఓడిపోయే ఆటను ఎవరు ఆడతారు? మీరు 11 పేజీలు ఆడారు, నాకు అదే ఎక్కువనిపిస్తోంది.

ఒక పనికి ఎంతసేపు పడుతుందో ముందే సరిగ్గా అంచనా వేయడం దాదాపు ఎవరికీ రాదు. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు కాలేజీ చివరి ఏడాది థీసిస్ రాస్తున్న విద్యార్థులను, ఎప్పటికి పూర్తిచేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. నిజంగా పట్టింది 55 రోజుల పైన. అంతకుముందు ఎన్నో వ్యాసాలు, పరీక్షలు చివరి నిమిషంలో రాసిన పిల్లలే వాళ్లు. అయినా ఈసారి అంతా సాఫీగా జరిగిపోతుందనుకున్నారు. మనమూ అంతే. మధ్యలో పిల్లాడికి జ్వరమొస్తుందని, లిఫ్ట్ పనిచేయదని, 'ఒక్క నిమిషం' అంటూ వచ్చినవాళ్లు అరగంట కూర్చుంటారని లెక్కలో వేసుకోం.

దీనికి నాకు తెలిసిన మందు ఊహ మానేసి కొలవడమే. వచ్చే మూడు రోజులు ఏమీ మార్చకండి. లేచిన టైమ్, గడప దాటిన టైమ్ మాత్రం రాయండి. గంట చాలనుకున్నది గంటా నలభై అని తేలితే, మీరు రోజూ ఆలస్యమవడానికి కారణం తేలిపోయినట్టే. మీరు నెమ్మది మనిషేమీ కారు, లెక్కలో నలభై నిమిషాలు లేవు. ఇక ఆ నలభై నిమిషాలు ఎక్కడినుంచి తేవాలన్నది మామూలు లెక్క. కొంత రాత్రికి జరపచ్చు, కొంత పిల్లలకు అప్పగించచ్చు, కొంత మానేయచ్చు.

రోజుకు మూడు పనులు చాలు. వంట, ఆఫీసు, పిల్లల స్కూలు ఎలాగూ జరుగుతాయి, వాటిని లెక్కపెట్టకండి. ఆ పుస్తకంలోంచి రోజుకు మూడే తీసి, ఒక్కోదానికి ఒక్కో సమయం రాయండి. మిగతా రోజును ఖాళీగా వదలండి. ఖాళీ అని పేరే గానీ అది ఖాళీగా ఉండదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అనుకోకుండా వచ్చేవాటికి అది చోటు. మూడూ మధ్యాహ్నానికే అయిపోతే నాలుగోది తీసుకోకుండా ఉండగలరేమో చూడండి. రోజు మీ చేతిలో ఉన్నట్టు చాలాకాలం తర్వాత తెలిసేది ఆ మధ్యాహ్నమే.

ఆ మూడూ ఎంచుకోవాల్సింది పొద్దున కాదు. పొద్దున మీ ఇల్లు యుద్ధరంగంలా ఉంటుంది, అప్పుడు ఏ నిర్ణయమూ సవ్యంగా రాదు. రాత్రి పదిహేను నిమిషాలు దీనికి ఇవ్వండి. పిల్లలు పడుకోగానే, ఫోన్ తీయకముందే. తాళంచెవులు, ఐడీ కార్డు, కళ్లజోడు తలుపు పక్కన ఒక గిన్నెలో. పొద్దున వేసుకునే బట్టలు బయటికి. స్కూలు సంచులు తలుపు దగ్గరికి. ఆ తర్వాత కూర్చుని రేపటి మూడు పనులు రాయడం. నిద్ర మీద 2018లో వచ్చిన ఒక చిన్న ప్రయోగంలో 57 మందిని పడుకునే ముందు ఐదు నిమిషాలు రాయమన్నారు. కొందరు ఆ రోజు చేసిన పనులు రాశారు, కొందరు రాబోయే రోజుల్లో చేయాల్సినవి రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లు సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. మామూలుగా వింటే చేయాల్సినవి తలుచుకుంటే నిద్ర పోతుందనే అనుకుంటాం కదా. తలుచుకుంటే పోతుంది, రాస్తే వస్తుంది.

ఒంటిగంట దాకా ఫోన్ చూడటం గురించి మీరు తప్పు చేసినట్టు రాశారు. నాకు మాత్రం అది చదువుతుంటే బాధేసింది. పొద్దున్నుంచీ ఒక్క నిమిషం కూడా మీదంటూ లేని రోజులో, అందరూ పడుకున్నాక దొరికే ఆ రెండు గంటలే మీ సొంతం. వాటిని వదులుకోమంటే మనసు ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కానీ ఆ రెండు గంటలకు మీరిచ్చే ఖరీదు మర్నాటి రోజంతా. పెద్దవాళ్లకు కనీసం 7 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. మీకు ఐదున్నర కూడా దొరకడం లేదేమో. నిద్ర తక్కువైన మనిషికి ముందుగా దెబ్బతినేవి శ్రద్ధ, గుర్తుపెట్టుకోవడం. అంటే మీరు దేని గురించి ఉత్తరం రాశారో సరిగ్గా అవే. అందుకే ఆ సమయాన్ని మానేయకండి, జరపండి. సాయంత్రం ఏడు నుంచి ఏడున్నర మీది అని ఇంట్లో చెప్పండి. మేడ మీదికి వెళ్తారో, తలుపేసుకుని పాటలు వింటారో మీ ఇష్టం. వారంలో నాలుగు రోజులు కుదిరినా, రాత్రి ఫోన్ మీద ఆకలి దానంతటదే తగ్గుతుంది. ఫోన్ ఛార్జర్‌ను పడగ్గదిలోంచి హాల్లోకి మార్చేయండి. చిన్న మార్పే, కానీ పదకొండింటికి మంచం మీద పడుకుని మనసును అదుపులో పెట్టడం కన్నా, ఛార్జర్‌ను ఒకసారి మార్చడం చాలా తేలిక.

ఆ కుర్చీ గురించి కూడా రెండు మాటలు. దాని మీద ఉన్నవి ఏ బట్టలో ఒకసారి చూడండి. మాసినవైతే బుట్టలోకి, ఉతికినవైతే బీరువాలోకి పోయేవి. అక్కడ చేరేవి సాధారణంగా ఒకపూట కట్టి విడిచినవి. బీరువాలో పెట్టబుద్ధి కాదు, ఉతకడానికి వేయబుద్ధి కాదు. వాటికి ఇంట్లో చోటే లేదు, కాబట్టి కుర్చీ చోటిచ్చింది. తలుపు వెనక నాలుగు కొక్కేలు కొట్టించండి. వస్తువు పడేసే చోటే దాని చోటుగా చేస్తే సర్దుకోవడం సగం తప్పుతుంది. ఇల్లంతా ఒకేసారి సర్దాలని మాత్రం పెట్టుకోకండి. ఒక్క కుర్చీ చాలు ప్రస్తుతానికి.

మీవారి మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. 'ఏం చేయాలో చెప్పు, చేస్తాను.' ఆయన మంచి మనసుతోనే అంటున్నారు, నాకు అనుమానం లేదు. అయితే ఇంటి పనిలో చేతులతో చేసే భాగం ఒకటుంది, కంటికి కనిపించని భాగం ఇంకొకటుంది. అలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో దంపతులను ఇంటర్వ్యూ చేసి ఆ కనిపించని భాగాన్ని నాలుగు ముక్కలుగా చెప్పారు. రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, దానికి దారులు వెతకడం, ఏదో ఒకటి నిర్ణయించడం, అది జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. పసిగట్టడం, కనిపెట్టుకుని ఉండటం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయని ఆమె గమనించారు. 'చెప్పు, చేస్తాను' అన్నప్పుడు ఆయన తీసుకుంటున్నది చేతి పని మాత్రమే. మిగతా నాలుగూ మీ దగ్గరే ఉండిపోతున్నాయి. చెప్పే ఓపిక లేదని మీరన్నది బద్ధకంతో కాదమ్మా, ఆ చెప్పడమే పెద్ద పని కాబట్టి.

అందుకే సాయం అడగకండి. పూర్తిగా అప్పగించండి. ఆ లిస్టు ఇద్దరూ కలిసి చూడండి, అంత పొడవు లిస్టు చూస్తే ఆయనకూ విషయం అర్థమవుతుంది. "బిల్లులన్నీ ఇకమీదట నీవే. గడువులు గుర్తుపెట్టుకోవడం, కట్టడం, రసీదు దాచడం, అంతా. నేను అడగను" అనండి. పిల్లల స్కూలు కాగితాలు మీవి అనుకుంటే మీవి, ఆయనవి అనుకుంటే ఆయనవి. సగం సగం మాత్రం వద్దు, సగం సగం అంటే చివరికి మీదే అవుతుంది. అప్పగించాక మొదటి నెలలో ఆయనా ఒక గడువు దాటేయచ్చు. అప్పుడు మీ చెయ్యి దురదపెడుతుంది, 'నేనే చేస్తే పోయేది' అని. ఆ ఒక్క నెల ఓర్చుకోండి. పిల్లలకూ వాళ్ల వయసుకు తగ్గది ఒకటి ఇవ్వండి. పెద్దవాడు తన సంచీ తనే సర్దుకోగలడు. ఏదో ఒకరోజు పుస్తకం మర్చిపోతాడు, మర్నాటి నుంచి చూసుకుంటాడు.

మీ చివరి ప్రశ్న, ఇది స్వభావమా అని. చిన్నప్పటి నుంచీ, అంటే బడి రోజుల నుంచే వస్తువులు పోగొట్టుకోవడం, ఒక పని మీద నిలవలేకపోవడం, మొదలుపెట్టినవి వదిలేయడం మీకు ఉంటే, ఒకసారి సైకియాట్రిస్టును కలవండి. ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవని సమస్య, పిల్లలకే కాదు, పెద్దల్లోనూ ఉంటుంది, దానికి చికిత్స ఉంది. నిర్ధారించేటప్పుడు 12 ఏళ్ల లోపే లక్షణాలు ఉన్నాయా అని అడుగుతారు, కాబట్టి మీ అమ్మగారినో, తోబుట్టువులనో ముందే అడిగి పెట్టుకోండి. అలా కాకుండా ఈ మధ్యే మొదలై, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఎంత పడుకున్నా నీరసం తోడైతే మామూలు డాక్టర్‌నే కలిసి రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. వాటిలో తేడా ఉంటే ఎన్ని లిస్టులు రాసినా ఒంట్లో శక్తి రాదు. డిప్రెషన్ అయినా అంతే, అది వైద్యం చేయించుకోవాల్సిన జబ్బు. పన్ను చూపించుకునే నెలలోనే ఇదీ చూపించుకోండి.

ఇవేవీ కావు, కొన్నేళ్లుగా బరువు పెరుగుతూ వచ్చింది అంతే అయితే, ఇది స్వభావం కాదు. అలవాట్లు మారతాయి. కాకపోతే మీరనుకునేంత త్వరగా కాదు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో ఒక కొత్త అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే కుదిరింది, కొందరికి 254 రోజులని అంచనా తేలింది. అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది, మీరు గోడకు రాసి పెట్టుకోవాల్సింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం దెబ్బతినలేదు. పన్నెండో రోజు రాయకపోవడంతో మీ ప్రయత్నమేమీ పాడవలేదు. పదమూడో రోజు మళ్లీ తెరవకపోవడం దగ్గరే తేడా వచ్చింది. ఆరంభశూరత్వం అని ఇంట్లోవాళ్లు అంటే మీరు నమ్మి ఆగిపోయారు.

వారానికోసారి, మీకు ఖాళీ దొరికే రోజు చూసుకుని ఒక అరగంట ఆ పుస్తకంతో కూర్చోండి. అయినవి కొట్టేయండి, కొత్తవి చేర్చండి, వచ్చే వారంలో గడువులేమున్నాయో చూడండి. నాలుగు రోజులు అసలు పుస్తకం తెరవకుండా గడిచిపోయిన వారాలు వస్తాయి, నాకు ఇప్పటికీ వస్తాయి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే నెలరోజులూ పోవచ్చు. ఆ అరగంట మళ్లీ దారిలో పడటానికే ఉంది. పోయిన రోజులకు సంజాయిషీ రాయకండి, ఖాళీ పేజీలు నింపకండి.

అన్నట్టు, ఆ జనవరి డైరీ పారేయలేదనుకుంటాను. కొత్తది కొనకండి. పన్నెండో పేజీ తెరిచి, పైన అచ్చేసిన తేదీ కొట్టేసి, ఇవాళ్టి తేదీ వేయండి. మొదటి వరుసలో 'పంటి డాక్టర్‌కి ఫోన్, రేపు భోజనం అవగానే' అని రాయండి.